దేవప్ప కుంట మీద కంట్రోలర్

నారాయణఖేడ్ బస్టాండులో మాణిక్యప్ప ఇరవై రెండేళ్లు కంట్రోలర్‌గా చేశాడు. వచ్చిన బస్సును రాసుకోవడం, పోయే బస్సును పంపించడం, మైకులో చెప్పడం, ఇవన్నీ కాగితం మీద ఉన్న పనులు. అసలు పని వేరే ఉండేది. మలుపు దగ్గర ఎర్ర బస్సు ముక్కు కనిపించగానే బస్టాండంతా సంచులతో సహా లేచి నిలబడి "ఏ బండి సారూ?" అని అడిగేది. అన్ని బస్సులదీ ఒకటే రంగు, ఒకటే ఎత్తు, ఒకటే దుమ్ము. బోర్డు చదవగలిగేంత దగ్గరికి వచ్చేసరికి కిటికీల్లోంచి తువ్వాళ్లు పడిపోయి సీట్లు అయిపోతాయి. బోర్డు చదివి చెప్పడానికి కంట్రోలర్ ఎందుకని మాణిక్యప్ప అభిప్రాయం. ఆయన నడక చూసి చెప్పేవాడు. ఎడమ పక్కకు ఒరిగి వస్తే అది నాగల్‌గిద్ద బండి. గుంత ముందు ఆగి, ఆలోచించుకుని దిగితే బోరంచ బండి, దాని డ్రైవరు అలాంటి మనిషి.

ఒకసారి ఆయన నాగల్‌గిద్ద అని మైకులో చెప్పిన బస్సు బోరంచ బోర్డుతో వచ్చి నిలబడింది. జనం మాణిక్యప్ప వైపు చూశారు. మాణిక్యప్ప డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు దిగి బోర్డు మార్చాడు. అప్పటి నుంచి తాను చెప్పింది తప్పయ్యే అవకాశం ఉందని మాణిక్యప్పకు ఎవరూ గుర్తు చేయలేదు, ఆయనకూ ఆ అవసరం పడలేదు.

కొత్త కండక్టర్లకు ఆయన పరీక్ష పెట్టేవాడు. పక్కన నిలబెట్టుకుని, గడ్డంతో మలుపు వైపు చూపించి "ఆఁ, ఏంది చెప్పు?" అనేవాడు. కుర్రవాడు గుటకలు మింగి ఏదో ఒక ఊరి పేరు చెప్పేవాడు. మాణిక్యప్ప అవుననడు, కాదనడు. ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా రిజిస్టరులో రాసుకుంటాడు. తాము పాసయ్యారో ఫెయిలయ్యారో తెలియకుండానే వేరే డిపోలకు బదిలీ అయిపోయినవాళ్లు చాలామంది ఉన్నారు.

ఇక ఆటోలు. గేటు ముందు నిలబడి "నాగల్‌గిద్ద, నాగల్‌గిద్ద" అని అరిచి, బస్సు ఎక్కాల్సిన జనాన్ని ఎక్కించుకుపోవడం ఆటోవాళ్ల బతుకుతెరువు. వాళ్లను తరమడం మాణిక్యప్ప డ్యూటీ. దానికోసం ఒక వెదురు కర్ర ఉండేది. ఆ కర్రతో ఎవరినీ కొట్టలేదు గానీ ఆటోల వెనక రేకు మీద మాత్రం బాగా మోగించాడు. అందరికంటే ఎక్కువ మోత తిన్నది ఆజం ఆటో. ఆజం బక్కపల్చని మనిషి. ఉదయం పదింటికి తరిమితే చాయ్ హోటల్ దాకా పోయి, పదింబావుకు మళ్లీ గేటు ముందే ఉండేవాడు. ఇలా ఇద్దరూ ఒకరినొకరు ఏళ్ల తరబడి చూసుకున్నారు. దాన్ని పరిచయం అనాలో ఏమనాలో తెలియదు.

ఇరవై రెండేళ్లు లౌడుస్పీకరు కింద, హారన్ల మధ్య కూర్చున్న మనిషికి చెవులు మిగలవు. మాణిక్యప్పవి సగం మిగిలాయి. సంగారెడ్డిలో డాక్టరు పరీక్ష చేసి, మనుషుల మాట, ఇంజను చప్పుడు లాంటి బరువైన శబ్దాలకు ఢోకా లేదని, సన్నని శబ్దాలు మాత్రం పోయాయని, మిషన్ పెట్టుకుంటే మంచిదని చెప్పాడు. దోమ చెవి పక్కన తిరిగినా, కుక్కరు మూడు కూతలు వేసినా ఆయనకు తెలియదు. డాక్టరు చీటీని బీరువాలో బట్టల కింద పెట్టి ఈ సంగతి బయట ఎక్కడా అనొద్దని భార్య విజయమ్మకు చెప్పాడు. విజయమ్మ అనలేదు. కుక్కరు దగ్గర ఆయన్ని కూర్చోబెట్టడం మానేసింది.

రిటైరైన ఏడాది చలికాలంలో ఆయనకు పిట్టల పని తగిలింది. నారాయణఖేడ్‌లో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే నిస్సీ మేడం, మెడలో బైనాక్యులర్ వేసుకుని బస్టాండులో నాగల్‌గిద్ద బస్సు కోసం నిలబడేది. కొలువు ముగిసినా మాణిక్యప్ప బస్టాండుకు రావడం మానలేదు గనుక ఇద్దరికీ మాటలు కలిశాయి. నాగల్‌గిద్ద రోడ్డు మీద దేవప్ప కుంట ఉంది. చలికాలంలో నీళ్లు వెనక్కి తగ్గి బురద బయటపడగానే ఎక్కడెక్కడి నుంచో పిట్టలు దిగుతాయి. ఊళ్లవాళ్లు వాటన్నింటినీ బురదపిట్టలనే అంటారు. ఆ అనడంలో పెద్ద తప్పు కూడా లేదు, అన్నీ బురద రంగులోనే ఉంటాయి. ఒకనాడు ఆమె మాణిక్యప్పను తీసుకెళ్లి, బైనాక్యులర్ చేతికిచ్చి, ఒడ్డున ఉన్నవాటిని చూపించింది.

"సార్, అవన్నీ ఒకటేనా?"

మాణిక్యప్ప కాసేపు చూసి, "మూడు రూట్లవి మేడం," అన్నాడు.

ఒకటి నిలబడిన చోట కూడా కుదురుగా లేదు. ఇంజను బంద్ చేయకుండా నిలబెట్టిన బస్సులాగా వెనక భాగం ఊగుతూనే ఉంది. ఇంకొకటి కాస్త నల్లగా, పొట్టి కాళ్లతో, ఎవరితోనూ పొసగనట్టు గట్టు వారన ఒంటరిగా తిరుగుతోంది. మూడో రకం నాలుగైదు కలిసి ఉన్నాయి, కాళ్లు కాస్త పొడుగు, వీపు మీద నూకలు చల్లినట్టు చుక్కలు. నిస్సీ బైనాక్యులర్ వెనక్కి తీసుకుని తానూ ఒకసారి చూసింది. తన విద్యార్థులకు ఇది చెప్పడానికి ఒక సంవత్సరం పడుతుంది, అప్పటికీ రాదు. మొదటిది కామన్ శాండ్‌పైపర్, రెండోది గ్రీన్ శాండ్‌పైపర్, మూడోది వుడ్ శాండ్‌పైపర్ అని ఆమె చెప్పింది. గ్రీన్ అని ఎందుకు పేరు పెట్టారో పెట్టినవాళ్లకే తెలియాలి. ఆ పిట్టలో ఆకుపచ్చ ఉంటే గింటే కాళ్లకు కొద్దిగా ఉంది, ఆ కాళ్లేమో ఎప్పుడూ బురదలో ఉంటాయి.

"గ్రీన్, వుడ్ రెండూ దూరం నుంచి ఒక్కలాగే ఉంటాయి సార్. ఎగిరినప్పుడు రెక్క కింద నల్లగా ఉంటే గ్రీన్, తెల్లగా ఉంటే వుడ్. కానీ అంత కష్టం అక్కర్లేదు. లేవగానే అరుస్తాయి. ఆ అరుపు వింటే చాలు, చూడకుండానే చెప్పొచ్చు," అంది నిస్సీ. అదే సమయానికి పిట్టలు లేచాయి. "విన్నారా, అదీ తేడా!"

మాణిక్యప్ప తల ఊపాడు. ఆయనకు కనిపించినవి రెక్కలే. అరుపు ఒక్కటి కూడా చెవిన పడలేదు. నిజం చెప్పడానికి అది మంచి సమయమే గానీ, మొదటి రోజే ఒక చదువుకున్న మనిషి తనను అంత మెచ్చుకున్నాక చెవిటివాణ్నని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. చలికాలమంతా ప్రతి ఆదివారం దేవప్ప కుంట పిట్టలను రాసి ఇస్తానని ఒప్పుకుని, ఆమె ఇచ్చిన పాత బైనాక్యులర్, పిట్టల గుర్తులూ అరుపులూ రాసిన కాగితం పట్టుకుని ఇంటికి వచ్చాడు.

నాగల్‌గిద్ద మొదటి బస్సు కుంట దాటేసరికి పొద్దెక్కుతుంది. అప్పటికి గొర్లు నీళ్లకు దిగుతాయి, పిట్టలు సగం లేచిపోతాయి. ఆటో తప్ప దిక్కు లేదు. మాణిక్యప్ప జీవితంలో మొదటిసారి కర్ర లేకుండా ఆటోల దగ్గరికి వెళ్లాడు. ఆయన్ని చూడగానే ఆజం అలవాటు కొద్దీ ఆటో స్టార్టు చేసి ముందుకు జరిపాడు. మాణిక్యప్ప వెంట పడ్డాడు. ఆజం ఇంకా జరిపాడు. చాయ్ హోటల్ దాకా అలా పోయాక బేరం కుదిరింది.

మొదటి ఆదివారం ఆజం గట్టు మీద ఊరికే కూర్చున్నాడు. ఒక పిట్ట గట్టు చాటు నుంచి లేచింది. మాణిక్యప్ప బైనాక్యులర్ ఎత్తేలోపు అది కుంట దాటిపోయింది.

"ఏందో అరుసుకుంట పోయింది సాబ్," అన్నాడు ఆజం.

మాణిక్యప్పకు ఆ అరుపు చేరనే లేదు. వెంటనే కంట్రోలర్ ముఖం పెట్టి, గడ్డంతో కుంట వైపు చూపించి, "ఆఁ, ఎట్ల అరిచింది చెప్పు?" అన్నాడు.

ఆజం నిటారుగా కూర్చున్నాడు. కండక్టర్లకు ఈయన పెట్టే పరీక్షలు గేటు బయటి నుంచి ఏళ్ల తరబడి చూసినవాడు. గొంతు సవరించుకుని, "ట్లూయీ... వీట్ వీట్, అన్నది సాబ్," అని చేసి చూపించాడు. నిస్సీ ఇచ్చిన కాగితంలో గ్రీన్ శాండ్‌పైపర్ ఎదురుగా సరిగ్గా అదే ఉంది. మాణిక్యప్ప అవుననలేదు, కాదనలేదు. గ్రీన్ శాండ్‌పైపర్ ఒకటి అని రిజిస్టరులో రాశాడు.

నాలుగు చలికాలాలు అలాగే నడిచింది. మాణిక్యప్ప చూసేవాడు, అడిగేవాడు. ఆజం విని చెప్పేవాడు. "చిఫ్ చిఫ్ చిఫ్" అని గబగబా అంటే వుడ్, "ట్లూయీ" అని మొదలైతే గ్రీన్. మనిషికి ఒక పని వస్తే రెండోది అదే పట్టుబడుతుందంటారే, ఆజంకు అలా పట్టుబడింది. మాణిక్యప్ప కన్ను మాత్రం తక్కువదా, నిలబడిన శాండ్‌పైపర్ విషయంలో ఆయన పొరబడ్డది లేదు. ఇద్దరూ కలిస్తే ఒక పూర్తి మనిషి అయ్యేవారు. ఆ సంగతి ఇద్దరిలో ఒక్కడికే తెలుసు. నిస్సీ ఆ లెక్కలను ప్రతి ఏడూ హైదరాబాద్‌కు పంపేది. ఈ మార్చి ఆఖరుకు జిల్లా చెరువుల పిట్టలన్నింటి మీద ఒక పుస్తకం అచ్చవుతుందని, అందులో దేవప్ప కుంట ఎదురుగా మాణిక్యప్ప పేరు వస్తుందని చెప్పింది. విజయమ్మ ఆ మాట ఇంటింటికీ చెప్పి వచ్చింది.

ఆ కుంటలో శాండ్‌పైపర్లే కాదు, స్టింట్లనేవి కూడా దిగేవి. పిచ్చుక పాటి పిట్టలు. వాటిలో రెండు రకాలని నిస్సీ కాగితంలో ఉంది. కాళ్లు నల్లగా ఉండి, కుట్టుమిషన్ సూదిలాగా టకటకా పొడుచుకుంటూ పరుగెత్తేది లిటిల్ స్టింట్. కాళ్లు పసుపుగా ఉండి, వంగి వంగి నెమ్మదిగా నడిచేది టెమింక్ స్టింట్. దేవప్ప కుంటలో దిగినవాటికి కాళ్లు నల్లగానే ఉన్నాయి. నడక మాత్రం నెమ్మది. నడక చూసి చెప్పే మనిషికి అది మొదటి రోజే కంట్లో నలుసులా తగిలింది. కానీ ఆయన ఆలోచించాడు. ఇది నల్లరేగడి. తడిసిన రేగట్లో మాణిక్యప్పే చెప్పులు చేత పట్టుకుని అడుగు తీసి అడుగు వేస్తాడు, ఇంత పిట్ట ఎలా పరుగెత్తుతుంది? కాబట్టి నడకను లెక్కలోకి తీసుకోకూడదని తేల్చి, కాళ్ల రంగు చూసి లిటిల్ స్టింట్ ఇరవై నాలుగు, లిటిల్ స్టింట్ ఇరవై ఆరు అని నాలుగేళ్లు రాశాడు. కాళ్లు అంత స్పష్టంగా కనిపిస్తుంటే గొంతుతో పనేముందని వాటి గురించి ఆజంను ఒక్కసారి కూడా అడగలేదు.

మొన్న జనవరిలో పుస్తకం పని మీద హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చారు. నిస్సీ వాళ్లను వెంటబెట్టుకుని కుంటకు తెచ్చింది. మాణిక్యప్ప ఒక్కొక్క పిట్టనూ చూపిస్తుంటే వాళ్లు ముఖాలు చూసుకుని తలలు ఊపారు. స్టింట్ల గుంపు దగ్గర ఒకాయన, "వీటి అరుపు కూడా మీరు విన్నారా?" అని అడిగాడు.

మాణిక్యప్ప ఆజం వైపు తిరిగి, "ఆఁ, చెప్పు," అన్నాడు.

ఆజం చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడు. "సాబ్, మేడం ఇచ్చిన కాగితంల లిటిల్ స్టింట్ 'టిట్, టిట్' అంటదని రాసున్నది. ఇవి గట్ల అంటలేవు. 'టిర్ర్‌ర్‌' అని సాగదీస్తున్నయ్. పోయినేడు గూడ గట్లనే అన్నయ్. నాకైతే ఇవి అవి కాదనిపిస్తుంది సాబ్."

అందరూ మాణిక్యప్ప వైపు చూశారు. డ్రైవరు దిగి మార్చడానికి ఇక్కడ బోర్డు లేదు. "నాకు వినపడదు, అతను విన్నాడంటే నిజమే అయ్యుంటుంది," అంటే ఒక్క నిమిషంలో అయిపోయే పని. ఆ నిమిషం మాణిక్యప్పకు కొండంత అనిపించింది.

"కాళ్లు నల్లగ కనబడ్తలేవా నీకు? ఆటో నడుపుకునేటోనివి, ఆటో నడుపుకో. పిట్టల సంగతి నీకెందుకు?" అన్నాడు.

ఆజం కట్టుకున్న చేతులు విప్పాడు. పోయి ఆటోలో కూర్చున్నాడు. అందరినీ తెచ్చి బస్టాండులో దించాడు. తర్వాతి ఆదివారం మాణిక్యప్ప టోపీ పెట్టుకుని వాకిట్లో ఏడు దాకా కూర్చున్నాడు. ఆటో రాలేదు.

తన కోపం తనకే తిరగబడ్డ మనిషి చేసే పనే ఆయన చేశాడు, ఆటో లేకపోతే ఏమైందని బస్సులో పోయాడు. బైనాక్యులర్ ఉంది, రిజిస్టరు ఉంది, కళ్లు ఉన్నాయి. కుంట మాత్రం అద్దం వెనక పెట్టినట్టు ఉంది. పిట్టలు ఎక్కడ లేస్తున్నాయో ఆయనకు తెలియడం లేదు. లేచాక చూస్తే తోకలే కనిపిస్తాయి. ఎప్పుడు ఎటు తిరగాలో ఇన్నాళ్లూ తనకు చెప్పింది ఎవరో మూడు ఆదివారాల్లో బాగా అర్థమైంది. రిజిస్టరులో నిలబడిన పిట్టలు మాత్రమే మిగిలాయి.

నిస్సీ ఫోన్ చేసింది. "సార్, ఫిబ్రవరి లెక్కలో ఎగిరినవి అసలు లేవేంటి? పిట్టలు తగ్గాయా?"

"తగ్గినయ్ మేడం," అన్నాడు మాణిక్యప్ప.

వంటింట్లో ఉన్న విజయమ్మకు ఇదంతా వినపడింది. ఆమె చెవులకు ఏ లోపమూ లేదు. "పిట్టలు తగ్గలే, నీ చెవులు తగ్గినయ్. ఇనని అరుపులను ఇన్నట్టు రాస్తె ఒక తప్పు. ఉన్న పిట్టలను లేవంటే ఇంకో తప్పు. రెండు జేస్తున్నవ్. ఆ ఆజం దగ్గరికి పోయి ఒక మాట చెప్పరాదు?" అంది.

"ఏమని చెప్పాలె?"

"నన్నెందుకు అడుగుతవ్? నాకు పెట్టకు నీ పరీక్షలు," అని ఆమె లోపలికి పోయింది.

మార్చి మొదటి వారంలో కుంట పక్క చేనులో బోరు నడుస్తోంది. పైపు ఎక్కడో ఊడి, తేట నీళ్లు పరుపుబండ మీదుగా జారి కుంటలోకి పోతున్నాయి. మాణిక్యప్ప గట్టు మీద కూర్చుని ఊరికే బైనాక్యులర్ అటు తిప్పాడు. స్టింట్లు బురదలోంచి ఒక్కొక్కటే బండ ఎక్కుతున్నాయి. నల్ల కాళ్లతో నీళ్లలో దిగాయి. నాలుగు అడుగులు వేశాయి. అవతలికి వచ్చేసరికి పసుపు కాళ్లున్నాయి.

ఆయన అద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఇంకో మూడు దిగాయి, కాళ్లు కడుక్కుని పసుపుగా తేలాయి. రేగడి లేని బండ మీద కూడా వాటి నడక నెమ్మదిగానే ఉంది, వంగి వంగి. నాలుగేళ్లు ఆయన పిట్టల కాళ్లు అనుకుని రాసింది దేవప్ప కుంట మట్టిని. కళ్లు నిజం చెప్పినప్పుడు రేగడి మీద నెట్టేశాడు, ఇంకొకడి చెవులు నిజం చెప్పినప్పుడు ఆటో నడుపుకోమన్నాడు. మాణిక్యప్పకు సిగ్గేసింది. అరవై మూడేళ్ల మనిషికి చెవుల దాకా వేడెక్కేంత సిగ్గు. ఆ సిగ్గులోనే లేచి, రోడ్డెక్కి, నారాయణఖేడ్ పోయే బస్సు ఆపాడు.

ఆజం ఆటో బస్టాండు గేటు ముందే ఉంది. వెనక ఆరుగురు ఎక్కేశారు, కాళ్ల మధ్య ఒక కోళ్ల గంప కూడా ఉంది. మాణిక్యప్ప దగ్గరికి పోయి, "ఆజం, నువ్వు చెప్పిందే నిజం. అవి టెమింక్ స్టింట్లు. కాళ్లు కడిగితె పసుపే ఉన్నయ్," అన్నాడు.

"మంచిది సాబ్," అన్నాడు ఆజం, రోడ్డు వైపు చూస్తూ. "నాగల్‌గిద్ద, నాగల్‌గిద్ద!"

చెప్పాల్సింది అది కాదని మాణిక్యప్పకు తెలుసు. పిట్ట పేరు తప్పు చెప్పినందుకు ఆజం అలగలేదు. ఇంక ఏం చెప్పాలో కూడా తెలుసు, అందుకే గేటు ముందు అలా నిలబడిపోయాడు. లోపలి నుంచి కొత్త కంట్రోలర్ ఆటోలను తరమడానికి వస్తున్నాడు. ఆజం ఆటో స్టార్టు చేశాడు. మాణిక్యప్ప ముందు సీట్లో, డ్రైవరు పక్కన మిగిలిన జానెడు జాగాలో కూర్చున్నాడు. తమ పెద్దసారు గేటు ముందు ఆటో ఎక్కడం చూసి కొత్త కంట్రోలర్ కర్ర దించేశాడు.

ఆటో ఊరు దాటింది. తర్వాత మాణిక్యప్ప, "ఆజం, నాకు ఇనవడ్తలేదు," అన్నాడు.

"నేనేం అనలే సాబ్ ఇంక," అన్నాడు ఆజం.

"నువ్వు అన్నది కాదు. పిట్టలు. పిట్టల అరుపులు నాకు ఇనవడయి."

ఇంజను మోతలో ఆజంకు సగమే అందింది. "ఏందీ?"

మాణిక్యప్ప బస్టాండు మైకులో చెప్పే గొంతు తీశాడు. "నాకు చెవుడు! పిట్ట అరిస్తె ఇనవడది! నాలుగేండ్ల సంది ఒక్కటి గూడ ఇనలే!"

వెనక కోళ్ల గంప ముసలమ్మ పక్కామెతో, "పెద్దమనిషికి చెవులు పోయినయట పాపం," అంది. పక్కామె వెనక్కి అందించింది. ఆటో అంతా తెలిసిపోయింది. ఇన్నేళ్లు బట్టల కింద దాచిన చీటీ సంగతి నాగల్‌గిద్ద దాకా పోవడానికి ఇక బస్సు కూడా అక్కర్లేదు.

ఆజం ఆటో పక్కకు ఆపాడు. అప్పటికి దేవప్ప కుంట దగ్గరికే వచ్చారు. దిగి, గట్టు దాకా నడిచాడు. మాణిక్యప్ప వెంట నడిచాడు. ఆజం ముఖం ఎర్రబడింది.

"మరి ప్రతిసారి 'చెప్పు, ఎట్ల అరిచింది చెప్పు' అని ఎందుకు అడిగినవ్?"

"నాకు తెల్వక అడిగిన."

"తెల్వక అడిగినవా!" ఆజం గొంతు లేచింది. "నేను పరీక్ష అనుకున్న సాబ్! నాలుగేండ్లు! శనివారం రాత్రి నాకు నిద్ర పట్టకపోవు. ఫోన్ల పిట్టల అరుపులు పెట్టుకుని ఇంటుంటి. మా ఇంటామె ఫర్జానా 'నీకు దిమాగ్ ఖరాబైందా' అని తిట్టేది. నువ్వు ఒక్కసారన్న కరెక్ట్ అన్లే, తప్పన్లే. రాసుకుంటివి. ఫెయిలైతున్ననో ఏందో అని పరేషానైకుంట ఇంటికి పోతుంటి. నువ్వేమో నన్ను అడిగి, నేను చెప్పిందే రాసుకున్నవా?"

"నువ్వు చెప్పిందే రాసిన. అక్షరం మార్చకుండ," అన్నాడు మాణిక్యప్ప. "నీ చెవులతోని నాలుగేండ్లు పెద్దమనిషినైన. నలుగురి ముందట నిన్ను తీసిపారేసిన. అది నా తప్పు ఆజం. మస్తు పెద్ద తప్పు."

ఆజం నీళ్ల వైపు తిరిగాడు. కోపం దిగే కొద్దీ అతని ముఖంలోకి ఇంకేదో వచ్చింది. మెడ గోక్కున్నాడు.

"అన్ని రాసినవా?"

"అన్ని."

"గాలి కొట్టిన దినాలవి గూడ?"

"ఏమైంది?"

"గాలి కొడితె నాకు మంచిగ ఇనవడకపోవు సాబ్," అన్నాడు ఆజం నీళ్లు నములుతూ. "తెల్వదంటె ఫెయిల్ చేస్తవని... ఏదో ఒకటి చెప్పిన. ఒకసారి గ్రీన్ అని, ఒకసారి వుడ్ అని. రెండు సమానం వచ్చేటట్టు చూసుకున్న."

దేవప్ప కుంట మీద చలికాలంలో గాలి కొట్టని ఆదివారం లేదు. మాణిక్యప్ప ఆ సంగతి మనసులో నాలుగేళ్ల మీదుగా తిప్పి చూశాడు. గ్రీన్, వుడ్ ప్రతి ఏడూ దాదాపు సమానంగా ఉన్నాయని, ఇది చాలా విశేషమని నిస్సీ ఒక పేజీ వ్యాసం కూడా రాసింది.

రోడ్డు మీద నుంచి కోళ్ల గంప ముసలమ్మ, "ఎండ కొడుతుంది, పోదాం పాండ్రి!" అని అరిచింది. ఆ కేకకు గట్టు కింద నుంచి నాలుగు పిట్టలు లేచి, కుంట మీదుగా వంకర తిరిగి, అవతలి చేను మీదకు పోయాయి.

మాణిక్యప్ప ఆజం వైపు తిరిగాడు. ఈసారి గడ్డం ఎత్తలేదు. "ఏమన్నయి?"

ఆజం నోరు తెరిచాడు. మూశాడు. "ముసలామె అరుపుల ఇనవడలే సాబ్. తెల్వదు."

"నేను గూడ రెక్కలు సరిగ చూడలే," అన్నాడు మాణిక్యప్ప. సంచిలోంచి రిజిస్టరు తీసి, ఆ రోజు తేదీ వేసి, "నాలుగు పిట్టలు, ఏవో తెల్వదు," అని రాశాడు. రాసినదాన్ని ఆజంకు చూపించాడు. తర్వాత ఫోన్ తీసి నిస్సీకి కలిపాడు.

"మేడం, దేవప్ప కుంటది నాలుగేండ్ల లెక్క పుస్తకంల వెయ్యకుండ్రి. అంతా తప్పున్నది."

అవతల నిస్సీ, "అయ్యో, ఇప్పుడెలా సార్? మీ పేరు కూడా అచ్చుకు పోతోంది," అంది.

"కొట్టెయ్యుండ్రి. వచ్చే చలికాలం మళ్ల మొదటి సంది రాస్తం."

"రాస్తం అంటే, ఎవరెవరు సార్?"

మాణిక్యప్ప గట్టు మీద నిలబడ్డ ఆజంను చూశాడు. "నేను చూస్త మేడం," అన్నాడు. "ఆజం ఇంటడు."